ఊదుగొట్టం: అవతలి చివర ఏముందన్నదే అసలు ప్రశ్న

ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి అనువదించేటప్పుడు చాలామంది తడబడే మాటల్లో ‘బ్లోపైప్’ ఒకటి. నిఘంటువులో ‘ఊదుగొట్టం’ అని ఉంటుంది. అది చూసి అన్నిచోట్లా అదే రాసేస్తే, గాజు బుడగను ఊదే పనివాడు, కోతిని వేటాడే అడవిమనిషి, ఖనిజాన్ని పరీక్షించే రసాయన శాస్త్రవేత్త, విమానాన్ని కూల్చబోయే సైనికుడు ఒకే వస్తువు పట్టుకున్నట్టు అనిపిస్తుంది. మాట ఒకటే కానీ వస్తువులు వేరు. ఒకదాని లక్షణాలను ఇంకోదానికి అంటగడితే చదివేవాళ్లకు ఏమీ అర్థం కాదు.

అయితే ఇన్ని వస్తువులకు ఒకే పేరు రావడం వెనక కారణం లేకపోలేదు. ఊదుగొట్టం తనంతట తాను శక్తినివ్వదు. ఊపిరి చెదిరిపోకుండా పట్టి ఒకచోటికి చేరవేస్తుంది, అంతే. అవతలి చివర ఏముందో దాన్నిబట్టే పని మారుతుంది. అక్కడ పుల్ల ఉంటే అది దూసుకుపోతుంది. నిప్పు ఉంటే రాజుకుంటుంది. కరిగిన గాజు ముద్ద ఉంటే ఉబ్బుతుంది. కాబట్టి ‘బ్లోపైప్’ కనిపించినప్పుడల్లా ‘దేన్ని ఊదుతున్నారు?’ అని అడిగితే చాలు, అర్థం దానంతట అదే తేలుతుంది.

ముందు ఆయుధం సంగతి. ఒక బారు గొట్టంలో సన్నటి డార్ట్ (మొనదేలిన పుల్ల) పెట్టి, ఒక్కసారిగా ఉఫ్‌మని ఊదితే అది ఎగిరి గురిని తాకుతుంది. ఇందులో ఉన్న భౌతికశాస్త్రం చిన్న లెక్కతో తేలిపోతుంది. మనిషి గట్టిగా ఊదితే వచ్చే ఒత్తిడి వాతావరణ పీడనంలో దాదాపు పదో వంతు. గొట్టం బెజ్జం వైశాల్యం ఒక చదరపు సెంటీమీటరు అనుకుంటే, డార్ట్ మీద పడే బలం 1 న్యూటన్, అంటే అరచేతిలో 100 గ్రాముల బరువు పెట్టుకున్నంత. అది ఏపాటి బలమని అనిపిస్తుంది. కానీ ఆ బలం గొట్టం పొడవునా తోస్తూనే ఉంటుంది. 2 మీటర్ల గొట్టంలో 1 గ్రాము డార్ట్‌ను తోస్తే, కాగితం మీది లెక్క ప్రకారం అది బయటపడే వేగం సెకనుకు 60 మీటర్లు దాటుతుంది. రాపిడి, పక్కలనుంచి కారిపోయే గాలి వల్ల నిజంలో వేగం ఇంతకంటే తగ్గుతుంది. అయినా చిన్న జంతువు చర్మంలో గుచ్చుకోవడానికి అది సరిపోతుంది.

ఇదే లెక్కలో ఇంకో విషయం దాగి ఉంది. 2 మీటర్ల గొట్టాన్ని నింపడానికి 200 మిల్లీలీటర్ల గాలి చాలు, అంటే గ్లాసుడు. మన ఊపిరితిత్తుల్లో దానికి ఎన్నో రెట్ల గాలి ఉంటుంది. అందుకే ఊదుగొట్టానికి పెద్ద ఛాతీ కావాలన్నది అపోహ. కావాల్సింది ఆ గ్లాసుడు గాలిని దగ్గు వచ్చినంత వేగంగా వదలడం. పెదాలు బిగించి, ఒత్తిడి కట్టి, ఒక్క ఊపులో వదలాలి. పొడవు రెట్టింపు చేస్తే వేగమూ రెట్టింపవుతుందనుకుంటే అదీ పొరపాటే. పెరిగేది 1.4 రెట్లే. పైగా పొడవైన గొట్టాన్ని వణకకుండా పట్టుకోవడం కష్టం. ప్రపంచంలోని వేట గొట్టాల్లో చాలావరకు 2, 3 మీటర్ల దగ్గర ఆగిపోవడం ఊరికే జరగలేదు. ఎవరూ సమీకరణం రాసుకోకుండానే చేతులు ఆ పొడవును కనిపెట్టాయి.

తయారీలోనూ ఒక్కో చోట ఒక్కో తెలివి. బోర్నియో దీవిలో చేవ ఉన్న గట్టి కర్రను నిలువుగా బిగించి, ఎత్తయిన మంచె మీద నిలబడి, పొడవాటి ఇనుప చువ్వతో పైనుంచి పొడుస్తూ, నీళ్లు పోస్తూ బెజ్జం వేస్తారు. కొసన ఈటె మొన కట్టే అలవాటూ ఉంది, కాబట్టి ఊదడం అయ్యాక అదే పొడవడానికీ పనికొస్తుంది. అమెజాన్ అడవుల్లో ఈ పద్ధతి కాదు. తాటి జాతి చెట్టు కర్రను రెండు బద్దలుగా తీసి, ఒక్కోదానిలో గాడి తొలిచి, రెంటినీ కలిపి నారతో చుట్టి, బంకతోనో మైనంతోనో అతుకు మూస్తారు. ఉత్తర అమెరికాలో చెరోకీ ప్రజలు నదుల పక్కన పెరిగే రెల్లు వెదురు కణుపులు తొలిచి వాడారు. వాళ్లది విషం లేని వేట. పక్షులు, ఉడతలు, కుందేళ్లు వాళ్ల గురి. మధ్య అమెరికాలో మాయా ప్రజల పురాణగాథలో హునాహ్పు, ష్బలాంకె అనే కవల వీరుల చేతిలో ఉండే ఆయుధం కూడా ఊదుగొట్టమే.

డార్ట్‌ను దగ్గరగా చూస్తే వేటగాడి తెలివి అర్థమవుతుంది. అమెజాన్ డార్ట్ తాటి ఆకు ఈనెను చెక్కి చేసిన జానెడుకు పైబడిన పుల్ల. దాని వెనక భాగానికి బూరుగు దూది చుడతారు. ఆ దూది గొట్టాన్ని నిండుగా మూసి, గాలి పక్కనుంచి తప్పించుకోకుండా ఆపుతుంది. బోర్నియోలో దూది బదులు మెత్తటి బెండు ముక్క అదే పని చేస్తుంది. ఇక అమ్ములపొదికి వేలాడే చిన్న ఎముక ఒకటుంది, అది పిరాన్హా చేప దవడ. ఊదే ముందు డార్ట్ మొనకు కాస్త వెనగ్గా ఆ పళ్లతో చుట్టూ గాటు పెడతారు. దెబ్బ తిన్న కోతి పుల్లను పట్టి లాగినా గాటు దగ్గర పుటుక్కున విరిగి, విషం పూసిన మొన లోపలే ఉండిపోతుంది. చేప పంటికీ కోతి చేతికీ మధ్య ఇంత లెక్క ఉంది.

విషం ఎందుకు అవసరమైందో పై లెక్కే చెబుతుంది. ఆ డార్ట్‌లో ఉండే శక్తి 2 జౌల్స్ లోపే. వేటబాణంలో ఉండేది పదుల జౌల్స్. డార్ట్ గుచ్చుకుంటుంది కానీ చంపలేదు. గొట్టం పని విషాన్ని చప్పుడు లేకుండా చేర్చడం వరకే. ఆ విషం కూడా అన్నిచోట్లా ఒకటి కాదు. ఆగ్నేయాసియాలో వాడేది యాంటియారిస్ టాక్సికేరియా అనే చెట్టు పాలు. అది పనస కుటుంబానికి చెందిన చెట్టు. దాని విషం గుండె మీద పనిచేస్తుంది. దక్షిణ అమెరికా కురారే దీనికి పూర్తిగా వేరు. అది స్ట్రిక్నోస్, కాండ్రోడెండ్రాన్ జాతుల తీగలనుంచి వండిన ముద్ద. నరం ఇచ్చే ఆజ్ఞ కండరానికి అందకుండా మధ్యలో అడ్డుపడుతుంది. కోతి పట్టు సడలి కొమ్మ మీంచి జారిపడుతుంది, ఊపిరి కండరాలు ఆగిపోతాయి. గుండె మాత్రం ఇంకాసేపు కొట్టుకుంటూనే ఉంటుంది. కురారే పేగుల్లోంచి రక్తంలోకి దాదాపు ఎక్కదు కాబట్టి ఆ మాంసం తింటే ప్రమాదం లేదు.

కప్ప విషం గురించి ఇక్కడే ఒక మాట చెప్పాలి. అమెజాన్ వేటగాళ్లంతా రంగురంగుల కప్పల విషం పూస్తారని చాలామంది నమ్ముతారు. అది నిజం కాదు. ఆ పద్ధతి పశ్చిమ కొలంబియాలో, పసిఫిక్ తీరం వైపు ఉండే ఎంబెరా ప్రజలది. వాళ్లు వాడేవి కూడా ఫిలోబేట్స్ అనే ఒకే ప్రజాతికి చెందిన కొద్ది జాతుల కప్పలనే. అందులో బంగారు రంగు కప్ప అత్యంత విషపూరితం, డార్ట్ మొనను దాని వీపు మీద రుద్దితే చాలు. ప్రపంచంలో ఊదుగొట్టపు విషం ఎక్కువగా మొక్కలదే.

ఊదుగొట్టం చరిత్ర ఆసుపత్రిలోకి మలుపు తిరిగింది ఈ కురారే వల్లే. 1812లో చార్లెస్ వాటర్టన్ అనే ఇంగ్లిష్ యాత్రికుడు గయానా అడవులనుంచి ఆ ముద్దను ఇంగ్లండ్‌కు తీసుకెళ్లాడు. 1814లో లండన్‌లో ఒక ఆడ గాడిదకు ఆ విషం ఎక్కించి, ఊపిరి ఆగిపోగానే గొంతు దగ్గర కోసి కొలిమితిత్తితో గాలి కొట్టారు. కొన్ని గంటలకు అది లేచి నిలబడింది. ఆ తర్వాత చాలా ఏళ్లు బతికింది. ఊపిరిని బయటినుంచి అందిస్తూ ఉంటే విషం దానంతట అదే దిగిపోతుందని తేలింది. 1850లలో ఫ్రెంచ్ శరీరధర్మ శాస్త్రవేత్త క్లాడ్ బెర్నార్డ్ కప్పల మీద ప్రయోగాలు చేసి, ఆ విషం నరం కండరాన్ని కలిసే చోట పనిచేస్తుందని చూపాడు. 1935లో బ్రిటిష్ రసాయన శాస్త్రవేత్త హరోల్డ్ కింగ్ దాని అసలు సారాన్ని విడదీశాడు. వెదురు గొట్టాల్లో నింపి తెచ్చే రకం కురారే కాబట్టి దానికి ట్యూబోకురారిన్ అని పేరు. 1942 జనవరి 23న మాంట్రియల్‌లో హెరాల్డ్ గ్రిఫిత్, ఈనిడ్ జాన్సన్ శస్త్రచికిత్సలో కండరాలను సడలించడానికి కురారేను వాడి చూపారు. ఈనాడు ఆపరేషన్ టేబుల్ మీద కండరాలు సడలించే మందుల వరుసకు అదే మొదలు.

ఇక నిప్పు. ఇది వేట గొట్టం కంటే ముందో తర్వాతో చెప్పలేం కానీ, నిప్పును ఊదడానికి గొట్టం వాడకం ఎంత పాతదో ఈజిప్టు గోడలే చెబుతాయి. సక్కారాలోని మెరెరూకా సమాధిలో లోహం కరిగించే పనివాళ్లు కొలిమి చుట్టూ కూర్చుని పొడవాటి గొట్టాలతో ఊదుతున్న దృశ్యం ఉంది. అది 4,000 ఏళ్లకు పైబడిన బొమ్మ. ఆ గొట్టాలు రెల్లువి, కొసన కాలకుండా మట్టి ముక్కు. తర్వాత తిత్తి వచ్చి ఊపిరితిత్తులకు విశ్రాంతినిచ్చింది.

మనం వదిలే ఊపిరిలో ఆక్సిజన్ 16 శాతమే, బయటి గాలిలో 21 శాతం. మరి తక్కువ ఆక్సిజన్ ఉన్న గాలితో నిప్పు ఎలా రాజుకుంటుంది? రెండు కారణాలు. ఒకటి నివురు. నివురుగప్పిన నిప్పు అని ఊరికే అనలేదు. బొగ్గు మీద బూడిద పొర కప్పుకుంటే గాలి తగలదు. గొట్టంనుంచి వచ్చే సన్నటి జోరు ఆ పొరను ఎగరగొట్టి, కొత్త గాలిని సరిగ్గా మండేచోటికి కొడుతుంది. రెండోది, వేగంగా వెళ్లే గాలి తన చుట్టూ ఉన్న గాలిని కూడా లాక్కుని పోతుంది. గొట్టాన్ని నిప్పుకు ఆనించకుండా కాస్త దూరంలో పట్టుకుంటే బాగా రాజుకునేది అందుకే. బయటి గాలి కూడా కలిసొస్తుంది.

బంగారు పనిలో అతుకు వేసే చిన్న వంపు గొట్టం ఇదే సూత్రం మీద నడుస్తుంది. దీపపు మంటకు పక్కనుంచి ఊదితే అది సూదిలా సన్నబడి పక్కకు సాగుతుంది. వేడంతా ఒక్క చుక్క మీదికి చేరుతుంది. ఆ సూదిమంటకు చిన్న రాగిపూస, బంగారు పూస కరుగుతాయి. రెంటికీ 1,060 డిగ్రీల సెల్సియస్ పైనే కావాలి.

ఊదుగొట్టం కథలో అందరూ మర్చిపోయిన అధ్యాయం, నిజానికి అన్నిటికంటే గొప్పది, ఇక్కడే మొదలవుతుంది. 18వ శతాబ్దంలో స్వీడన్ గనుల శాస్త్రవేత్తలు ఆ కంసాలి గొట్టాన్నే చేతిలోకి తీసుకుని ప్రయోగశాలగా మార్చేశారు. నికెల్‌ను 1751లో ప్రకటించిన ఆక్సెల్ క్రోన్‌స్టెడ్ట్ ఖనిజాలను గుర్తించడానికి దాన్ని ఒక పద్ధతి ప్రకారం వాడాడు. తోర్బెర్న్ బెర్గ్‌మన్, యోహాన్ గాహ్న్ ఆ విద్యను పెంచారు. 1820లో స్వీడన్ రసాయన శాస్త్రవేత్త బెర్జీలియస్ దాని మీద ఒక పుస్తకమే రాశాడు. గాహ్న్ కాగితం పావు ముక్కను కాల్చి, ఆ బూడిదలోంచి రాగి రేణువులను తీసి చూపించాడని అందులో చెప్పాడు. కంటికి కనపడనంత లోహాన్ని ఊపిరితో, మంటతో, బొగ్గు ముక్కతో బయటికి లాగడమంటే మాటలు కాదు.

పద్ధతి ఇలా ఉంటుంది. మంటను ఊదినప్పుడు దానిలో రెండు భాగాలు తేలతాయి. బయటి కొన దగ్గర గాలి పుష్కలం, అక్కడ పెట్టినది ఆక్సిజన్‌ను తీసుకుంటుంది. లోపలి నీలపు కోన దగ్గర ఇంధనం మిగులు, అక్కడ పెట్టినది తన ఆక్సిజన్‌ను పోగొట్టుకుంటుంది. ఇప్పుడు ప్లాటినం తీగ కొసను చిన్న వలయంగా వంచి, కాల్చి, వెలిగారంలో (బోరాక్స్) ముంచి మళ్లీ మంటలో పెట్టాలి. వెలిగారం ముందు నురగలా పొంగుతుంది, తర్వాత కుంగిపోయి తీగ వలయంలో నీటిబొట్టులాంటి గాజుపూస అవుతుంది. దానికి ఖనిజపు పొడిని ఆవగింజలో సగం అంటించి మళ్లీ ఊదాలి. కోబాల్ట్ ఉంటే పూస నీలం, ఏ మంటలో పెట్టినా నీలమే. క్రోమియం అయితే ఆకుపచ్చ. మాంగనీసు అయితే చూడాల్సిందే. బయటి మంటలో పూస ఊదా రంగులో మెరుస్తుంది. అదే పూసను లోపలి మంటలోకి జరిపి ఊదితే రంగు మొత్తం పోయి నిర్మలంగా మిగులుతుంది. మళ్లీ బయటికి జరిపితే ఊదా తిరిగొస్తుంది. ఎలక్ట్రాన్ అనే మాటే పుట్టని రోజుల్లో, ఒక మూలకం రెండు రూపాల మధ్య అటూ ఇటూ తిరగడాన్ని వాళ్లు ఆవగింజంత పూసలో కళ్లారా చూశారు.

బొగ్గు దిమ్మ మీద పరీక్ష వేరు. దానిలో చిన్న గుంట చేసి, ఖనిజపు పొడిని సోడాతో (సోడియం కార్బొనేట్) కలిపి పెట్టి ఊదుతారు. సీసపు ఖనిజమైతే మెత్తటి సీసపు గుండు తేలుతుంది, చుట్టూ బొగ్గు మీద పసుపు పూత పడుతుంది. జింక్ అయితే పూత వేడిగా ఉన్నప్పుడు పసుపు, చల్లారాక తెలుపు. ఆర్సెనిక్ ఉంటే వెల్లుల్లి వాసన ముందే పట్టించేస్తుంది, అది విషపు పొగ కాబట్టి ముక్కు దగ్గర పెట్టి చూడాల్సిన వాసన మాత్రం కాదు.

ఇదంతా జరగాలంటే మంట ఒక్క క్షణం కూడా ఆగకూడదు. ఊపిరి తీసుకోవడానికి ఆగితే మంట ముడుచుకుపోతుంది, పరీక్ష పాడవుతుంది. అందుకే నేర్చుకునేవాళ్లకు మొదటి పాఠం రసాయనశాస్త్రం కాదు, బుగ్గలు. బుగ్గలనిండా గాలి పట్టి, దాన్ని బుగ్గల కండరాలతోనే మెల్లగా గొట్టంలోకి నొక్కుతూ, అదే సమయంలో ముక్కుతో ఊపిరి పీల్చుకోవాలి. మొదట్లో బుగ్గలు నొప్పెడతాయి. అలవాటైతే నిమిషాలకొద్దీ మంట కదలకుండా నిలుస్తుంది. గొట్టంలో తేమ చేరి మంట చిటపటలాడకుండా మధ్యలో చిన్న గది పెట్టేవారు. జర్మనీలోని ఫ్రైబర్గ్ గనుల విద్యాలయంలో ప్లాట్నర్ ఈ పద్ధతితో లోహం ఎంత ఉందో కొలిచే స్థాయికి వెళ్లాడు. జేబులో పట్టే సామాన్లతో కొండమీదే పరీక్ష చేయగలగడం దాని బలం. వర్ణపటదర్శిని (స్పెక్ట్రోస్కోప్), తర్వాతి యంత్రాలు దాన్ని పక్కకు నెట్టాయి.

ఊపిరి స్థానంలో గ్యాస్ చేరిన రోజున ఊదుగొట్టం టార్చ్ అయింది. 1801లో ఫిలడెల్ఫియాలో 20 ఏళ్ల రాబర్ట్ హేర్ ఆక్సిజన్, హైడ్రోజన్ రెంటినీ గొట్టాల్లో తెచ్చి కొసన మండించాడు. ఊపిరి మంటకు లొంగని ప్లాటినం (1,768 డిగ్రీలు) దానికి కరిగింది. ఆ రెండు వాయువులూ కొసకు రాకముందే కలిస్తే పేలిపోయే ప్రమాదం ఉంది. శతాబ్దం తర్వాత ఒగుస్త్ వెర్నాయ్ అదే మంటను తలకిందులుగా పెట్టి, పైనుంచి అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) పొడి రాల్చి కృత్రిమ కెంపులు పెంచాడు. ఆ పద్ధతి 1902లో బయటికొచ్చింది, ఇప్పటికీ వాడుకలో ఉంది. ఆ వెంటనే ఆక్సిజన్, ఎసిటిలీన్ జోడీ వచ్చి 3,000 డిగ్రీలు దాటే మంటతో ఉక్కును కోయడం మొదలుపెట్టింది. బ్రిటిష్ పుస్తకాల్లో వెల్డింగ్ టార్చ్‌ను ఇప్పటికీ బ్లోపైప్ అనే రాస్తారు. అక్కడ ‘ఊదుగొట్టం’ అని అనువదిస్తే తప్పు, గ్యాస్ టార్చ్ అనాలి. ఉక్కు కర్మాగారంలో బ్లాస్ట్ ఫర్నేస్ చుట్టూ ఉండే బ్లోపైపులు మరో సంగతి. అవి వెయ్యి డిగ్రీల వేడిగాలిని కొలిమి పొట్టలోకి పంపే పెద్ద ఇనుప గొట్టాలు, ఎవరి నోరూ వాటి దరిదాపుల్లోకి వెళ్లదు.

గాజు ఊదడం క్రీస్తుపూర్వం 1వ శతాబ్దంలో తూర్పు మధ్యధరా తీరంలో పుట్టింది. అంతకుముందు గాజు పాత్ర అంటే మట్టి గుండు చుట్టూ కరిగిన గాజును పోగుల్లా చుట్టి, చల్లారాక మట్టిని గీకి తీసేది. ఒక్కో పాత్రకు చాలా సమయం, చాలా ఖర్చు. గొట్టం రావడంతో గాజు ధనికుల ఇళ్లలోంచి మామూలు ఇళ్లలోకి వచ్చింది, రోమన్ సామ్రాజ్యమంతా పాకింది. ఇక్కడ ఊదడంలో బలమేమీ అక్కర్లేదు. మీటరున్నర ఇనుప గొట్టం కొసన తేనెలా జారే గాజు ముద్దను పట్టి, గొట్టాన్ని తిప్పుతూనే ఉండాలి, ఆపితే ముద్ద ఒకవైపు వేలాడిపోతుంది. మొదటి బుడగ కోసం ఒక చిన్న ఊదు ఊది, వెంటనే గొట్టం నోటిని బొటనవేలితో మూసేస్తారు. లోపల చిక్కుకున్న గాలి గాజు వేడికి తనంతట తానే వ్యాకోచించి బుడగను పెంచుతుంది.

బ్యాగ్‌పైప్ వాద్యంలో బ్లోపైప్ అంటే శబ్దం వచ్చే గొట్టం కాదు, తిత్తిలోకి గాలి నింపే గొట్టం. దాని అడుగున ఒక చిన్న తోలు రెక్క ఉంటుంది. గాలి లోపలికి పోతుంది కానీ వెనక్కి రాదు. వాయించేవాడు ఊపిరి తీసుకునేటప్పుడు చంకలోని తిత్తిని నొక్కుతాడు, పాట ఆగదు. రసాయన శాస్త్రవేత్త బుగ్గలతో చేసిన పనిని ఇక్కడ తోలుతిత్తి చేస్తోంది.

బ్లోపైప్ అనే క్షిపణి బెల్‌ఫాస్ట్‌లోని షార్ట్స్ సంస్థ తయారు చేసింది, 1975లో బ్రిటిష్ సైన్యంలో చేరింది. భుజం మీది గొట్టంలోంచి వెళ్తుంది కాబట్టి ఆ పేరు తగింది. సైనికుడు బొటనవేలితో చిన్న మీట కదుపుతూ, విమానాన్ని చూస్తూ, క్షిపణిని చివరిదాకా తానే నడపాలి. వేగంగా అడ్డంగా దూసుకుపోయే విమానాన్ని అలా కొట్టడం దాదాపు అసాధ్యం. 1982 ఫాక్‌లాండ్స్ యుద్ధంలో బ్రిటన్, అర్జెంటీనా రెండూ వాడినా ఫలితం చాలా తక్కువ. కొన్నేళ్లకే దాని స్థానంలో జావెలిన్ అనే మెరుగైన క్షిపణి వచ్చింది.

వేట గొట్టాన్ని చాలామంది గతించిన వస్తువు అనుకుంటారు. బ్రిటన్‌లో 1988 నుంచి అమ్మకం నిషేధించిన ఆయుధాల జాబితాలో అది ఉంది. మరికొన్నిచోట్ల పోటీ క్రీడ, జపాన్‌లో దాన్ని ఫుకియా అంటారు. ఏదైనా ఒక జాగ్రత్త అందరికీ ఒకటే. గొట్టం నోట్లో ఉండగా ఊపిరి పీల్చకూడదు. ఇంట్లో చేసుకున్న డార్ట్‌ను పిల్లలు లోపలికి పీల్చి, అది ఊపిరి గొట్టంలో ఇరుక్కుని ఆసుపత్రి పాలైన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. ముందు పక్కకు తిరిగి ఊపిరి పీల్చి, తర్వాతే నోరు ఆనించాలి.

కానీ జంతు వైద్యుల చేతిలో అది ఈనాటి పనిముట్టే. జూలో చిరుతకో కోతికో మత్తు ఇవ్వాలంటే తుపాకీ చప్పుడుకు మంద మొత్తం బెదురుతుంది, దగ్గరనుంచి కొడితే ఆ దెబ్బకే చిన్న జంతువుకు ఎముక విరగవచ్చు. ఊదుగొట్టం బలం తక్కువ కావడమే ఇక్కడ మేలు. పది, పదిహేను మీటర్ల లోపు నిశ్శబ్దంగా పనైపోతుంది. డార్ట్ అంటే చిన్న సిరంజి. దాని వెనక గదిలో ఒత్తిడి గాలి నింపి ఉంటుంది. సూది మొన మూసి, పక్కన ఒక రంధ్రం ఉంటుంది, దాని మీద రబ్బరు తొడుగు. చర్మంలో దిగేటప్పుడు తొడుగు వెనక్కి జారుతుంది, రంధ్రం తెరుచుకుంటుంది, వెనకనున్న గాలి మందును లోపలికి నెడుతుంది. ఆ మందు ఏమిటన్నది ముఖ్యం. కురారేలా కండరాలను మాత్రమే కట్టేసే మందులు ఒకప్పుడు జంతువుల మీదా వాడారు. అవి తగిలిన జంతువు కదల్లేదు, కానీ అన్నీ తెలుస్తూనే ఉంటాయి. ఇప్పుడు ఎక్కువగా వాడేది జైలజిన్, కెటమిన్ కలిపిన మందు. జంతువు మొదట తల వాలుస్తుంది, తర్వాత కాళ్లు మడిచి పడుకుంటుంది. వైద్యుడు గాయానికి కుట్లు వేసి, జైలజిన్ ప్రభావాన్ని విరిచే ఇంజెక్షన్ ఇచ్చి బోను బయటికి వస్తాడు. కాసేపటికి అది తూలుతూ లేచి నీళ్ల తొట్టి వైపు నడుస్తుంది.